గుర్రానికి పేరు పెట్టాలట!

ఐర్లాండులో ఉంటున్న మా అక్క కూతురు మొన్న ఫోన్ చేసి, "పిన్నీ! మా రైడింగ్ స్కూలుకి కొత్తగా ఓ ఆడగుర్రం వచ్చింది. పందేలు మానిపించేసిన గుర్రం. దానికి ఇక్కడి పాతకాలపు పేరు పెట్టాలట. కథలు రాస్తావుగా, చెప్పు" అంది.

ముందు ఎపోనా అన్నాను. కెల్టిక్ జాతుల గుర్రాల దేవత. రోమన్ రౌతులూ ఆవిణ్ణి కొలిచారు. ఆ పేరుకీ, మన 'అశ్వా'నికీ మూలధాతువు ఒకటేనంటారు భాషావేత్తలు.

"ఇంకోటి చెప్పు" అంది పిల్ల.

అప్పుడు మఖ గుర్తొచ్చింది. మన నక్షత్రం కాదు సుమండీ, ఐరిష్ గాథల్లోని స్త్రీ. తన పెళ్లాం రాజుగారి గుర్రాలకన్నా వేగంగా పరుగెత్తుతుందని మొగుడు అందరిలో గొప్పలు పోయాడు. రాజు పరుగెత్తమన్నాడు. ఆవిడేమో నిండు చూలాలు. కాన్పయ్యేదాకా ఆగమని బతిమాలినా వినలేదు. పరుగెత్తింది, గెలిచింది, అక్కడే కవలల్ని కంది. ఆపదవేళ మీకూ ఇవే నొప్పులు రావాలని ఆ మగవాళ్లను శపించింది.

నాకు తొమ్మిదో నెలలో మావారు ఆఫీసులో నా వంట గురించి గొప్పగా చెప్పి, పన్నెండుమందిని భోజనానికి పిలిచారు. వండి వడ్డించి, ఆ రాత్రే ఆస్పత్రిలో చేరాను. శపించడం మాత్రం తోచలేదు.

"అయితే మఖ అనే పెట్టమంటావా పిన్నీ?"

"పెట్టండి. కానీ ఇంకెవరి గొప్ప కోసమూ దాన్ని పరుగెత్తించకండి" అన్నాను.