మతిమరుపు అంటే బద్ధకం కాదు

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనగానే కాళ్ల బలహీనత, చూపు మసకబారడం గుర్తుకొస్తాయి. మెదడులోని నరాలను కప్పి ఉంచే మైలిన్ పొర దెబ్బతినడం వలన ఆలోచన కూడా నెమ్మదించవచ్చని చాలా కుటుంబాలకు తెలియదు. ఇంటి కోడలు చెప్పిన పని మరచిపోతే బద్ధకమంటారు. ఆ మాట మేము ఎన్నోసార్లు విన్నాము.

ఈ మందగింపును కొలిచే ఒక పరీక్షను ఆరన్ స్మిత్ 1973లో ప్రచురించారు. తొమ్మిది గుర్తులుంటాయి, ఒక్కొక్క దానికి 1 నుండి 9 వరకు ఒక అంకె. 90 సెకన్లలో ఎన్ని గుర్తులకు సరైన అంకె చెప్పగలరో లెక్కిస్తారు. ఈ తరహా పరీక్షను ఇప్పుడు స్మార్ట్‌ఫోన్‌లో ఇంటివద్దనే చేసుకోవచ్చు. తెరపై గుర్తు కనబడగానే దాని అంకెను తాకాలి. ఏడాదికొకసారి ఆసుపత్రిలో చూసేకన్నా తరచుగా చూసుకుంటే మార్పు ముందే తెలిసే అవకాశముంది.

అయితే మార్కులు ఎందుకు మారాయో ఫోన్ చెప్పలేదు. మొదట్లో మార్కులు పెరిగితే అది అలవాటు వలన కావచ్చు, మందు పనిచేసిందని అనుకోకండి. వేళ్ల తిమ్మిరి, జ్వరం, ఎండ వేడి, నిద్రలేమి, దిగులు, వీటిలో ఏదైనా మార్కులను తగ్గించవచ్చు. కనుక ప్రతిసారీ ఒకే వేళకు, చల్లని చోట కూర్చుని చేయండి. పక్కనుండి మనవడు అంకెలు అందిస్తే ఆ పరీక్ష మనవడిదే అవుతుంది!

ఎదురుగా కూర్చోబెట్టి చేసే పరీక్షలో సుమారు 4 మార్కులు తగ్గినా వైద్యులు పట్టించుకుంటారు. ఆ లెక్కను ఫోన్ మార్కులకు అలాగే వర్తింపజేయరాదు. కొన్ని వారాలుగా తగ్గుతూ వస్తే ఫోన్‌ను నరాల వైద్యునికి చూపించండి. మందులు సొంతంగా మానకండి. కొత్తగా చూపు తగ్గినా, కాలు పట్టు తప్పినా మార్కుల కోసం ఆగక వెంటనే ఆసుపత్రికి రండి.