గోడకు కన్నం పెట్టకుండా రెండో కేబుల్

ఇంటికి రెండో టీవీ రాగానే డిష్ కేబుల్ సమస్య మొదలవుతుంది. డ్రిల్లింగ్ మిషన్ పేరెత్తితే అద్దె ఇంటి ఓనరు ముఖం మాడుతుంది. నిజానికి చాలా ఇళ్లలో కొత్త కన్నం అవసరమే పడదు.

ఉన్న కేబుల్‌కే మామూలు స్ప్లిటర్ తగిలిస్తే సరిపోదా? సరిపోదు. డిష్ ముందుండే ఎల్‌ఎన్‌బీ, ఉపగ్రహం నుంచి వచ్చే 10 గిగాహెర్ట్జ్‌కు పైబడిన సిగ్నల్‌ను 950-2150 మెగాహెర్ట్జ్‌కు దించి కేబుల్లోకి పంపుతుంది. అదే కేబుల్లో సెట్‌టాప్ బాక్స్ నుంచి పైకి కరెంటు వెళ్తుంది. 13 వోల్టులు వస్తే ఎల్‌ఎన్‌బీ నిలువు తరంగాలను, 18 వస్తే అడ్డ తరంగాలను పట్టి ఇస్తుంది. హాల్లో బాక్సు 13, పడగ్గదిలోది 18 అడిగాయనుకోండి, ఎల్‌ఎన్‌బీ వినగలిగేది ఒక్కరి మాటే. రెండోచోట తెర మీద ‘నో సిగ్నల్’.

కాబట్టి రెండు కేబుళ్లు కావాలి. వాటికి దారి చూపేది పాత కేబులే.

ముందు బాక్సు ప్లగ్ పీకేయాలి. పాత కేబుల్‌కు డిష్ వైపున్న కనెక్టర్ కోసేయాలి, లేదంటే కేబుల్ దిగే పైపు మలుపులో అదే ఇరుక్కుంటుంది. రెండు కొత్త ఆర్‌జీ-6 కేబుళ్లను, వాటితోపాటు ఒక నైలాన్ తాడును పాతదానికి కట్టి, ముడి లావెక్కకుండా ముందువైపు సన్నగా టేపు చుట్టాలి. మేడ మీద ఒకరు కొత్తవి అందిస్తుంటే, కింద ఒకరు పాతది మెల్లగా లాగాలి. ఆ నైలాన్ తాడు పైపులోనే ఉండిపోతే మరోసారి పనికొస్తుంది. కన్నాన్ని సిమెంటుతో పూడ్చేసి ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు.

అప్పుడూ దారి మూసుకుపోదు. యూనికేబుల్ రకం ఎల్‌ఎన్‌బీ ఒక్కో ట్యూనర్‌కు ఒక్కో ఫ్రీక్వెన్సీ కేటాయించి అన్నిటినీ ఒకే కేబుల్లో దింపుతుంది. ఈఎన్ 50494 ప్రమాణం ప్రకారం ఎనిమిది ట్యూనర్ల దాకా నడుస్తాయి. బ్రిటన్‌లో 2016లో వచ్చిన స్కై క్యూ అనే డిష్ టీవీ సేవ ఇంకో పద్ధతి పట్టింది: ఒక కేబుల్లో నిలువు తరంగాలన్నీ, రెండోదాంట్లో అడ్డ తరంగాలన్నీ. పాత స్కై ప్లస్ బాక్సుకు వేసిన రెండు కేబుళ్లే చాలా ఇళ్లలో సరిపోయాయి. అయితే ఎల్‌ఎన్‌బీ, బాక్సు రెండూ ఒకే పద్ధతివి కావాలి. కొనేముందు డీటీహెచ్ కంపెనీని అడగడం మంచిది.

రెండో టీవీ కోసం కాక బొమ్మ పగులుతోందని కేబుల్ మార్చాలనుకునేవారు ముందు డిష్ దగ్గరి కనెక్టర్ విప్పి చూడండి. రాగి పచ్చబడి ఉంటే రెండంగుళాలు కోసి కొత్త కనెక్టర్ బిగించండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.