హాజరుపట్టీలో కనబడని జబ్బు

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు పల్లెల్లో పిల్లవాడు బడికి రాకపోతే అయ్యవారి నోట మొదట వచ్చే మాట ‘సుగ్గికి పోయినారు’ అని. గుంటూరు వైపు మిరపచేలకు కుటుంబాలకు కుటుంబాలే వలసపోయే ప్రాంతం ఇది. పోయేవాళ్ళలో మాదిగ, మాల, బోయ కుటుంబాలే ఎక్కువ. మాట అబద్ధం కాదు. కానీ జ్వరంతో ఇంట్లో పడుకున్న పిల్లవాడు కూడా ఆ మాట చాటునే కలిసిపోతాడు.

వ్యవస్థ కాగితం మీద బాగానే ఉంది. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమంలో మూడు ఫారాలు: ఏ.ఎన్.ఎం. నింపేది ‘ఎస్’, డాక్టరు నింపేది ‘పి’, ల్యాబ్ నింపేది ‘ఎల్’. అప్పట్లో వారానికోసారి పోయేవి. 2021లో ఐ.హెచ్.ఐ.పి. వచ్చాక రోజూ కంప్యూటర్లో ఎక్కించాలి. ‘ఎస్’ ఫారానికి రక్తపరీక్ష అక్కర్లేదు. జ్వరంతో దద్దుర్లు, నీళ్ళ విరేచనాలు, ఇట్లాంటి లక్షణం చాలు. పదిహేనేళ్ళలోపు పిల్లకు ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే ఒక్క కేసయినా తెలపాల్సిందే.

అంటే అంగన్‌వాడీ టీచరు జబ్బు పేరు తేల్చనక్కర్లేదు. తల్లి ‘అమ్మవారు పోసింది’ అన్నా, ‘తట్టు’ అన్నా ఆ మాట అదే రోజు ఏ.ఎన్.ఎం.కు చేరితే చాలు. గుమ్మానికి కట్టిన వేపమండను చూసి మూఢనమ్మకమని ఎక్కిరించి పోయేవాళ్ళకు మాత్రం ఆ మాట ఎవరూ చెప్పరు.

తట్టు దద్దుర్లు తేలడానికి నాలుగు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. ఆ నాలుగు రోజుల్లోనే బిడ్డ సుగ్గి లారీ ఎక్కితే? ఇక్కడి పట్టీలో ‘గైర్హాజరు’. అక్కడ చేనుగట్టు గుడిసెలో ఏ పట్టీ లేదు. రెండుచోట్లా లెక్కకు రాని బిడ్డకు టీకా మాత్రం ఎట్లా అందుతుంది?

శాఖలు కూడా కలవవు. అంగన్‌వాడీ హాజరు పోషణ్ ట్రాకర్‌లో, స్త్రీ శిశు సంక్షేమం కింద. జబ్బుల లెక్క ఆరోగ్యశాఖది. బడి ఇంకొకరిది.

వాడ జనం నోరు విప్పకపోవడానికీ కారణముంది. జబ్బు పేరు బయటపడితే ‘మీ వాడ నుంచే వచ్చింది’ అనే నింద ముందొస్తుంది, మందులు తర్వాత. 2021 ఏప్రిల్లో ఆదోనిలోను, అప్పటి కర్నూలు జిల్లా గోరుకల్లులోను అతిసారం ప్రబలినప్పుడు అనుమానం పోయింది తాగునీటి మీదికి. కుళాయి నీళ్ళు చెడితే వాడ శుభ్రతను తిట్టి లాభమేమిటి?

హాజరుపట్టీలో గైర్హాజరు పక్కన ఒక్క అక్షరం రాయమని మేము టీచర్లను అడుగుతున్నాం. సుగ్గికి పోతే ‘సు’, జబ్బయితే ‘జ’. ఒకే వీధిలో రెండు ‘జ’లు పడితే ఆ రోజే ఏ.ఎన్.ఎం.కు ఫోను చేయాలి. ‘సు’ పడితే ఏ ఊరికి పోయారో, టీకా కార్డు వెంట తీసుకుపోయారో లేదో కూడా రాసుకోవాలి.