పగడపు దిబ్బలకు వయసు మీదపడిన తీరు

1970ల చివర్లో జమైకా తీరంలోని పగడపు దిబ్బలు నిండు ఆరోగ్యంతో ఉన్నట్టే కనిపించేవి. 1977లో సముద్రపు అడుగున సగటున 52 శాతం మేర బతికున్న పగడాలే. నాచు 4 శాతం. 1993 నాటికి పగడాలు 3 శాతానికి పడిపోయి, నాచు 92 శాతం కమ్మేసింది. దీనికి కారణాలుగా సాధారణంగా రెండు విపత్తులను చూపిస్తారు: 1980 నాటి అలెన్ తుపాను, 1983లో సీ అర్చిన్లు అనే ముళ్ల సముద్రజీవులకు సోకిన తెగులు. రెండూ నిజమే. కానీ కరీబియన్ దిబ్బలకు తుపాన్లు కొత్త కాదు. అలెన్ ధ్వంసం చేసిన చోట్ల కూడా కొత్త పగడాలు పుట్టుకొచ్చాయి. తెగులు తర్వాత మాత్రం అలా జరగలేదు. ఎందుకంటే, నాచు మేసే చేపలను దశాబ్దాలుగా విపరీతంగా పట్టేయడంతో 1960ల చివరికే అవి బాగా తగ్గిపోయాయి. పొడవాటి నల్లముళ్ల సీ అర్చిన్లు ఆ మేత పనిని తామే మోశాయి కనుక పైకి తేడా తెలియలేదు. అవి దాదాపు 99 శాతం చనిపోయాక నాచును ఆపేవే లేకపోయాయి.

వ్యవస్థలకు వయసు మీదపడటమంటే ఇదేనని నేను నమ్ముతున్నాను: పని ఆగదు, ఆ పని చేయగల ప్రత్యామ్నాయాలు ఒక్కొక్కటే పోతుంటాయి. మన శరీరంలోనూ ఇంతే: మూత్రపిండాల సామర్థ్యం సగం దాకా పోయినా, వాటి పనితీరును సూచించే క్రియాటినిన్ రక్తపరీక్షలో మామూలుగానే కనిపించవచ్చు. అందుకే నిలకడను ఆరోగ్యానికి రుజువుగా తీసుకోకూడదు. దెబ్బ తగిలాక ఎంత త్వరగా కోలుకుంటుందో చూడాలి. కోలుకోవడం నెమ్మదిస్తుంటే ప్రమాదం దగ్గరపడుతోందని మార్టెన్ షెఫర్ తదితర శాస్త్రవేత్తలు 2009లో వివరించారు; అయితే అన్ని కుప్పకూలడాలకూ ఈ సూచన ముందుగా కనిపించదు.

తెగులే రాకుంటే దిబ్బ బాగుండేది కదా అనవచ్చు. వేల ఏళ్లు బతకాల్సిన దిబ్బకు ఏదో ఒక తెగులు ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. అది రాదన్న ఆశ మీద బతుకు నిలబడదు. ఇంకో అభ్యంతరం బలమైనది. జమైకాలోనే డిస్కవరీ బే దగ్గర, 1990ల చివరికి సీ అర్చిన్లు తిరిగొచ్చిన చోట నాచు తగ్గి పిల్ల పగడాలు పెరిగాయి. అలాంటప్పుడు దిబ్బల పతనం శాశ్వత మార్పు ఎలా అవుతుంది? శాశ్వతం కాదు, నిజమే. కానీ తెగులు తగ్గినంత మాత్రాన దిబ్బ కోలుకోలేదు. మేసేవి తిరిగొచ్చేదాకా, పదేళ్లకు పైగా, నాచుదే రాజ్యం. పైగా ఆ కోలుకోవడం మళ్లీ ఒకే జీవి మీద ఆధారపడింది. 2022లో కరీబియన్‌లో అవే సీ అర్చిన్లు మరోసారి పెద్ద ఎత్తున చనిపోయాయి. అందుకే మేత పనికి చేపలు కూడా ఉండాలి. కరీబియన్ తీరంలోనే ఉన్న బెలీజ్ 2009లోనే చిలుక చేపల వంటి నాచు మేసే చేపల వేటను నిషేధించింది. దిబ్బల కోసం ఖర్చుపెట్టే ప్రభుత్వాలు ముందుగా చేయాల్సింది ఆ పనే.