సూక్ష్మతరంగ కర్బన సంశ్లేషణ

సూక్ష్మతరంగ కర్బన సంశ్లేషణ అనగా రసాయన మిశ్రమాన్ని మంటతోనో నూనె తొట్టితోనో కాక మైక్రోవేవ్ తరంగాలతో వేడిచేసి కర్బన సమ్మేళనాలను తయారుచేసే పద్ధతి. గంటల తరబడి సాగే అనేక చర్యలు ఈ పద్ధతిలో నిమిషాలలో ముగుస్తాయి.

చరిత్ర

ఈ పద్ధతిని 1986లో కెనడా, అమెరికా దేశాలకు చెందిన రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. ఇరువురూ వాడినది వంటింటి ఓవెన్లనే. బెంజమైడ్ జలవిశ్లేషణ చెంది బెంజోయిక్ ఆమ్లంగా మారడానికి మామూలుగా గంట పట్టగా, కెనడా బృందానికి 10 నిమిషాలు సరిపోయాయి.

పనిచేసే విధానం

ఈ తరంగాల పౌనఃపున్యం సాధారణంగా 2.45 గిగాహెర్ట్జ్, అనగా సెకనుకు 245 కోట్ల ఆవర్తనాలు. మారుతున్న విద్యుత్ క్షేత్రాన్ని అనుసరించి ధ్రువ అణువులు తిరగబోయి వెనుకబడతాయి. ఆ ఒరిపిడే వేడిగా మారుతుంది. నూనె తొట్టిలో ముందు పాత్ర గోడ వేడెక్కుతుంది; ఇక్కడ ద్రవమే నేరుగా వేడెక్కుతుంది. ఇథనాల్ త్వరగా వేడెక్కుతుంది, హెక్సేన్ దాదాపు వేడెక్కదు.

బిగించి మూసిన పాత్రలో ద్రావణిని దాని మరుగు స్థానాన్ని మించి వేడిచేయవచ్చు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యా వేగం సుమారు రెట్టింపవుతుందనుకుంటే, 78 డిగ్రీల వద్ద మరిగే ఇథనాల్‌ను 148 డిగ్రీలకు చేర్చినపుడు వేగం 128 రెట్లు అవుతుంది. 8 గంటల చర్య సుమారు 4 నిమిషాలలో పూర్తవుతుంది.

ఒక అపోహ

ఈ తరంగాలు రసాయన బంధాలను తెంచుతాయని కొందరు భావించారు. అయితే వీటి ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో లక్షవ వంతు మాత్రమే. బంధం తెగడానికి కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. 2009లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు, లోపలికి తరంగాలను చొరనీయని సిలికాన్ కార్బైడ్ పాత్రలలో చర్యలు జరిపి దాదాపు అవే ఫలితాలు పొందారు. కనుక వేగానికి ప్రధాన కారణం వేడియే.

హైదరాబాదులో

తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఈ పద్ధతిపై అనేక పరిశోధనలు జరిగాయి. అహ్మద్ కమాల్ బృందం 2004లో జింకు, అమ్మోనియం ఫార్మేట్‌లతో నైట్రో, అజిడో సమ్మేళనాలను ఈ పద్ధతిలో క్షయకరణం చేసి, పిరోలోబెంజోడయజెపీన్ల తయారీకి ఉపయోగించింది. డి.ఎన్.ఎ.కు అంటుకునే ఈ పదార్థాలను క్యాన్సర్ మందులకై పరిశీలిస్తారు.

పరిమితులు, జాగ్రత్తలు

తరంగాలు ద్రవంలోకి కొన్ని సెంటీమీటర్ల లోతుకే చొచ్చుకుపోతాయి కనుక పెద్ద పాత్రలలో ఈ పద్ధతి కష్టం. తొలి ప్రయోగాలు వంటింటి ఓవెన్లలో జరిగినప్పటికీ విద్యార్థులు వాటిని అనుకరించరాదు. ఆ ఓవెన్లు పాత్రలోని ఉష్ణోగ్రతను, పీడనాన్ని కొలవలేవు. ద్రావణి ఆవిరి అంటుకోవచ్చు, మూసిన పాత్ర పేలవచ్చు. ఇందుకై ప్రత్యేకంగా నిర్మించిన పరికరాలనే వాడవలెను.