లగ్జరీ సెడాన్ కొంటున్నారా? ఇంజిన్, సస్పెన్షన్ ఎంచుకునే ముందు ఈ లెక్క చూసుకోండి

ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో ఫ్యాన్సీ నంబర్ల వేలం జరిగిన ప్రతిసారీ అది వార్త అవుతుంది. ‘9999’ లాంటి నంబర్లకు లక్షల్లో డబ్బు కట్టేవాళ్లు నగరంలో తక్కువేం లేరు. కానీ ఆ నంబరు తగిలించే బండిలో ఏ ఇంజిన్ ఉండాలి, ఏ సస్పెన్షన్ ఉండాలి అన్నది మాత్రం చాలామంది బుకింగ్ రోజున సేల్స్‌మన్ చెప్పిందాన్ని బట్టి తేల్చేస్తుంటారు. రంగు, సన్‌రూఫ్ గురించి నెల రోజులు మాట్లాడుకుంటారు, ఈ రెండింటి గురించి పది నిమిషాలు కూడా మాట్లాడుకోరు. పదేళ్ల పాటు ఖర్చు పెట్టించేది మాత్రం ఈ రెండే.

పెట్రోలా, డీజిలా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మెర్సిడెస్ బెంజ్ లాంగ్ వీల్‌బేస్ ఈ-క్లాస్ 2024 అక్టోబర్‌లో మన దేశంలో విడుదలైంది. అప్పటి ఎక్స్-షోరూం ధర ఈ200 పెట్రోలుకు రూ.78.5 లక్షలు, ఈ220డీ డీజిల్‌కు రూ.81.5 లక్షలు. రెండూ రెండు లీటర్ల ఇంజిన్లే. పవర్ దాదాపు సమానం, పెట్రోలుది 204 హార్స్‌పవర్, డీజిల్‌ది 197. తేడా అంతా టార్క్‌లో ఉంది, అంటే లాగే శక్తిలో. పెట్రోలుకు 320 న్యూటన్ మీటర్లు అయితే డీజిల్‌కు 440. ఐదుగురు కూర్చుని, డిక్కీ నిండా సామాను వేసుకుని హైవే ఎక్కితే ఆ తేడా తెలుస్తుంది.

డీజిల్‌కు అదనంగా పెట్టేది రూ.3 లక్షలు. దానిమీద లైఫ్ ట్యాక్స్ 18 శాతం వేసుకున్నా మరో రూ.54 వేలు. మొత్తం మూడున్నర లక్షలు దాటింది. ఇది ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది?

2025లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు రూ.107, డీజిల్ రూ.95 దాటి ఉంది. పెట్రోలు బండి లీటరుకు 10 కిలోమీటర్లు, డీజిల్ బండి 14 ఇస్తాయని అనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు ఖర్చు రూ.10,700, డీజిల్ ఖర్చు సుమారు రూ.6,800. ఏడాదికి మిగిలేది రూ.47 వేలు. అంటే పెట్టిన అదనపు డబ్బు తిరిగి రావడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. నెలకు 500 కిలోమీటర్లే తిరిగితే పదిహేనేళ్లు. నెలకు 2,500 తిరిగేవాళ్లకైతే మూడేళ్లలో వసూలవుతుంది.

2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లపై 28 శాతం జీఎస్టీ, సెస్సు పోయి 40 శాతం జీఎస్టీ ఒక్కటే అయింది కాబట్టి ధరలు మారాయి. కొనే రోజు కొటేషన్ ముందు పెట్టుకుని ఇదే లెక్క మళ్లీ వేసుకుంటే సరిపోతుంది.

తక్కువ దూరం తిరిగితే డీజిల్‌కు ఇబ్బందే

ఖర్చు ఒక్కటే కాదు. బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్ ఉంటుంది, దాన్నే డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి. ఆగకుండా ఒక వేగంతో కాసేపు నడిస్తేనే అది జరుగుతుంది. ఖైరతాబాద్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో మూడో స్టేషన్ అంత దూరమే. ఇల్లు ఇక్కడ, దుకాణం అక్కడ అనుకుంటే, పంజాగుట్ట సిగ్నళ్ల దగ్గర ఆగుతూ రోజూ అంతే తిరిగే బండిలో ఫిల్టర్ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. డీజిల్ కొన్నవాళ్లు వారానికి ఒకసారైనా 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో కొంత దూరం నడిపించడం మంచిది.

డీజిల్ అడిగినా అన్ని కంపెనీల్లో దొరకదు. బీఎస్-6 నిబంధనలు వచ్చిన 2020 ఏప్రిల్ నుంచి ఆడి మన దేశంలో డీజిల్ కార్లు అమ్మడం ఆపేసింది.

రోజూ సిటీలోనే తిరిగేవాళ్లు ఎలక్ట్రిక్ సెడాన్ ధర కూడా కనుక్కోవాలి. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఈ ధరల్లో అది పది లక్షలకు పైగా మిగులు. అయితే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చార్జర్ పెట్టుకోవడానికి వీలుందో లేదో ముందే చూసుకోవాలి.

సస్పెన్షన్: మూడు రకాలు

మొదటిది మామూలు స్టీల్ స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు. రిపేరు తక్కువ, ఖర్చు తక్కువ. రెండోది అడాప్టివ్. స్ప్రింగు స్టీలుదే, కానీ షాక్ అబ్జార్బర్ గట్టిదనాన్ని కంప్యూటర్ మారుస్తుంది. కంఫర్ట్ నొక్కితే మెత్తగా, స్పోర్ట్ నొక్కితే గట్టిగా ఉంటుంది. మూడోది ఎయిర్ సస్పెన్షన్. స్ప్రింగు బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. గుంతలు తక్కువగా తెలుస్తాయి, ఎంతమంది కూర్చున్నా బండి ఎత్తు మారదు, చాలా మోడళ్లలో స్పీడ్ బ్రేకర్ వస్తే బటన్ నొక్కి కొద్దిగా పైకి లేపుకోవచ్చు. మెర్సిడెస్ ఎస్-క్లాస్, బీఎండబ్ల్యూ 7 సిరీస్ లాంటి పెద్ద బండ్లలో ఇది ఉంటుంది.

సుఖం ఎక్కువే, కానీ ఆ రబ్బరు ఎండకు, వయసుకు పగుళ్లిస్తుంది. గాలి లీకైతే కంప్రెసర్ ఆగకుండా పనిచేసి అదీ పాడవుతుంది. వారంటీ అయిపోయాక ఈ రిపేర్ల బిల్లు పెద్దదే. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఒక చిన్న పరీక్ష చేయాలి. రాత్రి బండి ఆపినప్పుడు నాలుగు చక్రాల పైన ఖాళీ ఎంతుందో కొలిచి, తెల్లారి స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవాలి. ఒక మూల బాగా కిందికి దిగి ఉంటే అక్కడ లీకు ఉందేమోనని అనుమానించాలి. మెకానిక్‌కు చూపించకుండా బయానా ఇవ్వొద్దు.

టైరు కూడా సస్పెన్షనే

పెద్ద అలాయ్ వీల్స్ చూడటానికి బాగుంటాయి. కానీ టైరు మీద ఉండే అంకెలు చదవాలి. 225/45 అంటే టైరు గోడ ఎత్తు 225 మిల్లీమీటర్లలో 45 శాతం, అంటే 101 మిల్లీమీటర్లు. 245/35 అయితే 86 మాత్రమే. గోడ ఎంత పలచనైతే గుంత దెబ్బ అంత నేరుగా అలాయ్‌కి, నడుముకి తగులుతుంది. ఒక సైజు చిన్న వీల్ తీసుకుంటే చాలాసార్లు ఖరీదైన సస్పెన్షన్ ఆప్షన్ అవసరమే ఉండదు. స్పోర్ట్ ప్యాకేజీ తీసుకునేవాళ్లు అందులో మారేది బంపర్లేనా, సస్పెన్షన్ కూడా గట్టిపడుతుందా అని స్పష్టంగా అడగాలి.

పొడుగు బండ్లకు మరో సమస్య ఉంది. బీఎండబ్ల్యూ 5 సిరీస్ లాంగ్ వీల్‌బేస్‌లో ముందు, వెనక చక్రాల మధ్య దూరం 3,105 మిల్లీమీటర్లు. ఎత్తైన స్పీడ్ బ్రేకర్ మీద, పాత కాంప్లెక్సుల సెల్లార్ ర్యాంపుల మీద ఇలాంటి బండి కడుపు తగిలే అవకాశం ఎక్కువ.

వాన నీళ్ల సంగతి

గట్టి వాన పడితే అమీర్‌పేట మైత్రీవనం దగ్గర రోడ్డు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఇంజిన్‌లోకి నీళ్లు పోయాక మళ్లీ స్టార్ట్ చేస్తే లోపలి రాడ్లు వంగిపోతాయి. మామూలు సమగ్ర బీమాలో ఆ నష్టం సాధారణంగా కవర్ కాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి. నీళ్లలో బండి ఆగిపోతే కీ ముట్టుకోకుండా టోయింగ్‌కు ఫోన్ చేయాలి.

టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి?

షోరూం వాళ్లు మంచి రోడ్డు మీదికి తీసుకెళ్తారు. దాని తర్వాత మీరు రోజూ వెళ్లే గల్లీలోకి, మీ సెల్లార్‌లోకి కూడా తీసుకెళ్లమని అడగండి. ఇంట్లో అమ్మానాన్నలను వెనక సీట్లో కూర్చోబెట్టండి, ఎందుకంటే ఇలాంటి బండ్లలో ఎక్కువగా కూర్చునేది అక్కడే. ఎంచుకున్న ప్రతి ఆప్షన్ బిల్లులో చేరి, దానిమీద లైఫ్ ట్యాక్స్ కూడా పడుతుంది. లక్ష రూపాయల ఆప్షన్‌కు 18 వేలకు తగ్గకుండా పన్ను కడుతున్నట్టే. అందుకే బుకింగ్ డబ్బులు కట్టేముందు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో, ఎన్నేళ్లు ఉంచుకుంటారో కాగితం మీద రాసుకుని ఆ తర్వాతే సంతకం పెట్టండి.