పాత ఉత్తరం చిటికెలో దొరికేదెలా?

పిల్లలూ! ఇంటి కంప్యూటర్లో పదివేల ఈమెయిళ్ళు దాచామనుకోండి. 'ఎంబాక్స్' పద్ధతిలో అవన్నీ ఒకే ఫైలులో వరుసగా ఉంటాయి. ప్రతి ఉత్తరానికి ముందుండే 'ఫ్రమ్' అనే వరుస పొలం గట్టులా హద్దు చూపుతుంది. 1970ల నాటి యూనిక్స్ అలవాటిది.

ఇందులో 'స్కాలర్‌షిప్పు' అన్న మాట కోసం మొదటి నుంచి చివరిదాకా చదవాలా? అక్కర్లేదు. కంప్యూటరు ముందే పదసూచిక రాసుకుంటుంది: స్కాలర్‌షిప్పు – 12, 845, 9031 ఉత్తరాలు, మార్కులు – 77, 845. రెండు మాటలూ ఉన్నది కావాలా? రెండు వరుసల్లోనూ ఉన్న అంకె 845. మీరు లెక్కల్లో చదివిన సమితుల ఛేదనమే ఇది!

సూచిక పాడైతే కంప్యూటరు ఉత్తరాలు చదివి మళ్ళీ రాసుకుంటుంది. ఉత్తరాలే పోతే? సూచికలో అంకెలు మిగులుతాయి, అంతే. డిస్కు ఒకటి పాడయ్యాకగాని ఈ సంగతి నా బుర్రకెక్కలేదు. నకలు తీసి వేరే డిస్కులో దాచవలసింది ఉత్తరాల ఫైలునే.